పులుసులో కరిగిన పడవ

"నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ టీ నా గొంతు దిగదండీ," అంటూ నబీ గ్లాసుడు టీనీ ఒక్క గుక్కలో దింపేశాడు.

"నువ్వింకా ఏమీ చెప్పలేదే!" అన్నాడు కోదండరామయ్య.

"అందుకేనండీ, ముందే తాగేశాను."

ఏలూరు పవర్‌పేటలో హన్నమ్మ టీ కొట్టు. రెండో శనివారం, పొద్దున్న తొమ్మిదిన్నర. నబీ తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఇక్కడే తివాచీలు నేశాడు. కొనేవాళ్ళు తగ్గిపోయాక మగ్గం దింపేసి, రోజూ పాసింజరెక్కి గూడెం వెళ్ళొస్తున్నాడు. సెలవు రోజైతే ఈ బల్ల మీద కూర్చుంటాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఎదురు బల్ల మీద కోదండరామయ్య. కొల్లేరు పక్క ఊళ్ళో వరి రైతు. నీళ్ళ ఇంజను బాగుచేయించుకోవడానికి ట్రాక్టరేసుకుని వచ్చాడు. ఆ పని అయిపోయింది. పదకొండింటికల్లా తిరిగి బయల్దేరకపోతే చేలో నాట్లు ఆగిపోతాయి. ఆయన పక్కన బాలస్వామి, కొల్లేట్లో వలలేసుకుని బతికేవాడు. అదే ట్రాక్టరు ట్రక్కులో, ఇంజను పక్కన ఆయన ఫైబర్ పడవ బోర్లా పడుకుని ఉంది. అడుగున మూరెడు బీట. వానలకి కొల్లేరు నిండుతోంది, వలకి చేప బాగా పడే రోజులివి. పడవ లేకపోతే గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూడ్డమే. నబీ దగ్గర ఏదో విద్య ఉందని ఎవరో చెబితే పడవని మోసుకొచ్చాడు.

"నబీగారూ, నాదొక చిన్న మాటండీ. నా పడవ..."

"అక్కడికే వస్తున్నానండీ బాలస్వామిగారూ! నేను చెప్పబోయేదే పడవ సంగతి. అయితే ముందు మీకు ప్లాస్టిక్కు గురించి తెలియాలి. మన వీధిలోకి ఉల్లిపాయలవాడు వస్తాడు చూడండి, పాత ప్లాస్టిక్కు తీసుకుని ఉల్లిపాయలిచ్చేవాడు. పగిలిన బిందె ఇవ్వండి, తీసుకుంటాడు. విరిగిన మగ్గు ఇవ్వండి, కళ్ళకద్దుకుంటాడు. అదే కుక్కరు పిడి ఇచ్చి చూడండి, కరెంటు స్విచ్చి ఇచ్చి చూడండి, ఇదిగో ఈ ఫైబర్ ముక్క ఇచ్చి చూడండి. చేత్తో తాకడు. ఎందుకో తెలుసా?"

"వాడి తక్కెడ పాడవుతుందనా?" అంది హన్నమ్మ, పాలు కలుపుతూ.

"ముడండీ, ముడి! బిందెలో దారాలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఊరికే పడుకుని ఉంటాయి. సెగ తగిలితే జారతాయి, కరుగుతుంది, మళ్ళీ ఇంకో బిందె పోసుకోవచ్చు. కుక్కరు పిడిలో అలా కాదు. దారానికీ దారానికీ అడ్డంగా ముడేసి ఉంటుంది. అదీ పీటముడి! మంటలో పెట్టినా మాడి బొగ్గవుతుందే గానీ కరగదు. మా ఫణికిరణ్ బాబు లేరూ, ల్యాబులో పరిశోధన చేసే కుర్ర లెక్చరరు, ఆయన దాన్ని క్రాస్‌లింకు అంటారు. నేను ముడి అంటాను. ముప్పై ఏళ్ళు వేశానండీ ముడులు, నాకు చెప్తారా! ఆయనకేం కావాలంటే, వస్తువు వాడుకున్నన్నాళ్ళూ రాయిలాగుండాలి, పనైపోయాక దారాలు దేనికవి విడిపోయి మళ్ళీ కొత్త వస్తువవ్వాలి. ఏడాదిన్నర నించి తల పట్టుక్కూర్చున్నారు. నేను చూసి చూసి, తుడిచే గుడ్డ పక్కన పెట్టి, 'ఏవండీ బాబూ, పీటముడి ఎవరు వెయ్యమన్నారండీ మిమ్మల్ని? జారుముడి వెయ్యండి' అన్నాను. అంతే! ఆయన కుర్చీలోంచి లేచి నా కాళ్ళ మీద..."

"పడ్డాడా?" అన్నాడు కోదండరామయ్య.

"పడబోయారండీ. అంత చదువుకున్నాయన, బాగుండదని నేనే పట్టుకున్నాను."

బాలస్వామి ట్రక్కు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఆయ్, బాగుందండీ. మరి నా పడవకి..."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేశారు జారుముడి. వేస్తే సరా, ఎలా జారుతుందో తెలియాలి కదండీ! వేడికి జారట్లేదు, నీళ్ళకి జారట్లేదు, ఎండలో పెట్టినా మొండికేసి కూర్చుంది. అలా ఉండగా ఒక రోజు పాసింజర్లో నా క్యారేజి మూత పోయింది. పై గిన్నెలో మా షంషున్నీసా చేసిన కొర్రమేను పులుసు. ఈగలు వాలతాయని ల్యాబు బల్ల మీద ఏదో పళ్ళెముంటే తీసి మూత పెట్టాను. ఒంటిగంటకి చూస్తే పళ్ళెం లేదు! గిన్నెలో పులుసు మాత్రం అంచుదాకా వచ్చింది."

"అయ్యో, పారబోశారా?"

"తినేశానండీ, హన్నమ్మగారూ. ఆకలి కదా! కొంచెం చిక్కగా ఉంటే ఈవిడ వరిపిండి కలిపిందేమో అనుకున్నాను. గిన్నె కడిగేటప్పుడు ఫణికిరణ్ బాబొచ్చి 'నబీగారూ, నా ఆర్నెల్ల కష్టం బల్ల మీద పెట్టాను, చూశారా?' అన్నారు. చూశానని చెప్పనా, తిన్నానని చెప్పనా? చెప్పేశాను. ముందు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయండీ. మరుక్షణం ఆ కళ్ళే ఇంతింతయ్యాయి. 'పులుపు! నబీగారూ, పులుపు!' అని నన్నెత్తుకుని గిరగిరా తిప్పేశారు. అదండీ కిటుకు. పులుపు తగిలితే జారే ముడి!"

"మొత్తం పళ్ళెం తిని బతికున్నావు, గట్టివాడివే," అన్నాడు కోదండరామయ్య.

"బతకడమేంటండీ, ఆ రోజు నించి నాకు మోకాళ్ళ నొప్పులే లేవు! సరే, అక్కడితో ఆగిందా? చింతపండు ఎంత వెయ్యాలన్నది తేలాలి. మా ఆవిణ్ణి అడిగితే 'చేతికొచ్చినంత' అంది. పరిశోధనలో చేతికొచ్చినంత అని రాస్తే ఒప్పుకోరండీ. ఆవిడ పిడికిలి కొలవడానికి హైదరాబాదు నించి మిషను తెప్పించారు. నాలుగుసార్లు కొలిస్తే నాలుగు లెక్కలొచ్చాయి. చివరికి విసిగిపోయి కాగితంలో 'ఒక షంషున్నీసా' అని రాసేశారు. ఇప్పుడు జపాను వాళ్ళు కూడా పులుపుని షంషున్నీసాల్లోనే కొలుస్తున్నారండీ. నిమ్మకాయ అర షంషున్నీసా, గోంగూర ముప్పావు."

"మీ ఆవిడకి తెలుసా ఈ సంగతి?"

"తెలిస్తే వంట మానేస్తుందండీ. చెప్పకండి."

కోదండరామయ్య వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ యాభై. బాలస్వామి బల్ల మీంచి సగం లేచి, "నబీగారూ, ఎండ బాగా కాస్తోందండీ ఇప్పుడు. మబ్బేస్తే..." అన్నాడు.

"కూర్చోండి, కూర్చోండి. మీరు లేస్తే నాకు వరస తప్పుతుంది. ఎక్కడున్నాం? జపాను. జపాను దాకా పేరు పాకాక ఢిల్లీ వాళ్ళు ఊరుకుంటారా! ప్రసాదరావుగారని పెద్దాఫీసరుని పంపారు. ఆయన సరేనంటే పరిశోధనకి డబ్బు మంజూరు, వద్దంటే ల్యాబుకి తాళం. ఫణికిరణ్ బాబుకి వారం నించి ముద్ద దిగట్లేదు. ఆఫీసరుగారు గూడెం స్టేషన్లో దిగారా, దిగీ దిగగానే తుమ్మారా, ఆ తుమ్ముకి నోట్లో పళ్ళ సెట్టు ఎగిరి పట్టాల మీద పడింది. దాని మీంచి యాభై ఎనిమిది పెట్టెల గూడ్సు వెళ్ళిపోయింది."

"లెక్కెట్టావా?"

"లెక్కెట్టకుండా ఎలాగండీ, పళ్ళు ఏరుకోవాలంటే బండి అయిపోవాలిగా! ఏరితే ఏముంది, పిండి. ఆఫీసరుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను 'కంగారు పడకండీ' అని, గంటలో మన జారుముడి రెజినుతో, అదేనండీ, ఆ పళ్ళెం పోసిన జిగురుతో, కొత్త సెట్టు పోసి తెచ్చి పెట్టాను. ఎంత బాగా కుదిరిందంటే, ఆయన చెరుకు ముక్క అడిగి మరీ నమిలారు. తర్వాత భోజనాలు. చూడండి, ఇక్కడే మా కాలేజీ వాళ్ళు పొరపాటు చేశారు. పెద్దమనిషొచ్చారని మా ఆవిడ చేత కొర్రమేను పులుసు చేయించారు!"

"చచ్చాం," అంది హన్నమ్మ. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూసుకోలేదు.

"మొదటి ముద్దకి ముందు పళ్ళు నాలుగు. రెండో ముద్దకి కింద వరస. మూడో ముద్దకి నున్నటి చిగుళ్ళు. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. లేచి నిలబడి, బల్ల మీద చెయ్యి చరిచి, 'వద్దు!' అనబోయారండీ. మరి 'ద్దు' అనాలంటే పళ్ళుండాలా వద్దా? ఆ ముక్క ఎగిరిపోయి చివరి 'ఊ' ఒక్కటే వచ్చింది. 'ఊ' అన్నారంటే ఒప్పుకున్నట్టేగా! ప్రిన్సిపాలుగారు దండేసేశారు. మేం చప్పట్లు కొట్టేశాం. మంజూరైపోయింది!"

కోదండరామయ్య బల్ల మీద చరుస్తూ నవ్వాడు. బాలస్వామికి కూడా నవ్వాగలేదు. కానీ నవ్వుతూనే ట్రక్కు వంక చూశాడు, వెంటనే మొహం చిన్నదైపోయింది.

"ఇప్పుడొస్తున్నానండీ పడవకి," అన్నాడు నబీ, ఆయన మొహం చూసి. "మంజూరయ్యాక చిన్న చిన్న పళ్ళేలు, పళ్ళ సెట్లు చేస్తే ఏం బాగుంటుంది? పడవ పోశాం. అచ్చు మీ పడవే అనుకోండి, ఇంకో నాలుగు మూరలు పొడుగు. ఇరవై మందిమి ఎక్కి గంతులేశాం, చెక్కు చెదరలేదు. ఇక దాన్ని కరిగించాలి. పులుసెక్కడ కాస్తాం? గూడెంలో రైసుమిల్లు వాళ్ళని బతిమాలి ధాన్యం ఉడకబెట్టే తొట్టి పట్టుకొచ్చాం. పదహారు బస్తాల చింతపండు. ఆ రోజు రసం పెట్టుకుందామంటే మార్కెట్టు యార్డులో ఎవరికీ చింతపండు దొరకలేదంటే నమ్మండి. కలపడానికి గరిటెలు చాలక ట్రాక్టరు దించి దమ్ము చక్రాలతో తొక్కించాం. పెదవేగి నించి పామాయిలు తెప్పించి తిరగమోత పెట్టాం."

"పడవ కరగడానికి తిరగమోతెందుకయ్యా?"

"పులుసన్నాక తిరగమోత ఉండద్దాండీ! సరే, పడవ ముక్కు ముంచాం, పోయింది. నడుం ముంచాం, పోయింది. ఆఖరికి తెడ్డొక్కటి తేలింది, అది చెక్క కాబట్టి. వడకడితే అడుగున తెల్లగా, ముగ్గుపిండిలాగా, పడవ తాలూకు సరుకంతా దిగిపోయింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ముడులేసి పోస్తే ఎన్ని పడవలొచ్చాయో చెప్పండి చూద్దాం?"

"ఒక పడవ కరిగిస్తే ఒకటేగా రావాలి?" అన్నాడు బాలస్వామి, అనుమానంగా.

"రెండండీ! పులుసులో పొంగింది కదా. సాయంత్రానికల్లా ఆ రెండూ కరిగించాం, నాలుగొచ్చాయి. నాలుగూ తీసుకెళ్ళి కొల్లేట్లో దించాం. అక్కడ కొంప మునిగింది. ఒక పడవలో మిగిలిన పులుసు పీపాలుంటే అవి బోర్లా పడ్డాయి. ఎండాకాలం, నీరు తక్కువ. ఆ చివర్నించి ఈ చివరికి కొల్లేరంతా పులుసైపోయింది! చేపలు ఎక్కడివక్కడే ఉడికిపోయాయి. గూడబాతులు మూతులు కాలి పైకెగిరాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆ పూట కూర వండలేదు, ఒట్టి అన్నం గిన్నెలు పట్టుకుని గట్టు మీదకొచ్చేశారు. మూడ్రోజులు తిన్నారు. ఉప్పు కొంచెం తక్కువైందన్నారు గానీ అందరూ మెచ్చుకున్నారు."

బాలస్వామి తల గోక్కున్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగి కొల్లేట్లోనే ఉన్నానండీ. ఇదెప్పుడు జరిగింది?"

"పోయినేడాది వేసవిలో. మీరు ఊళ్ళో లేరు."

"మూడ్రోజులూనా?"

"అత్తారింటికెళ్ళారండీ. నేను మీ ఇంటికొచ్చి కనుక్కున్నాను కూడాను."

"మా అత్తారిల్లు మా పక్కిల్లేనండీ!"

"అదే, గోడ అడ్డమొచ్చి మీకు కనబడలేదు," అన్నాడు నబీ, ఏమాత్రం తొణక్కుండా. ఆయనిప్పుడు కూర్చుని లేడు. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. "ఆ పులుసు కాలవల్లో పడి ఏలూరుకొచ్చింది. పాత స్విచ్చిబోర్డులు, కుక్కరు పిడులు, హెల్మెట్లు, పాసింజర్లో ఫైబరు సీట్లు, ఏది ముట్టుకుంటే అది కరిగిపోయింది. ఉల్లిపాయలవాడు ఏడ్చుకుంటూ నా దగ్గరకొచ్చాడు, ఇప్పుడివన్నీ కొనాలంటే ఊళ్ళో ఉల్లిపాయలన్నీ ఇచ్చినా సరిపోవట్లేదని! అలాంటిది, మీ పడవ ఎంతండీ నాకు? పదండి! హన్నమ్మగారూ, మీ పెద్ద గుండిగ కాసేపివ్వండి. అరగంటలో కరిగించి, కొత్త పడవ పోసి, రంగేసి, పేరు రాసి ఇస్తాను!"

అంటూ నిజంగానే ట్రక్కు వైపు నాలుగడుగులు వేశాడు. బాలస్వామి గభాల్న లేచి వెళ్ళి పడవకీ నబీకీ మధ్య నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి పడవని పట్టుకున్నాడు.

"వద్దండీ! బాబ్బాబు, దాన్ని కరిగించకండి!"

"కొత్తది వస్తుందండీ!"

"మీ కొత్త పడవ నాకొద్దండీ. మేం పొద్దున్నే వెళ్తే పొద్దుగూకితే గానీ గట్టుకి రాం. పొయ్యి పడవలోనే పెట్టుకుంటాం. పట్టిన చేప అక్కడే పులుసెట్టుకుని, అక్కడే తింటాం. ఊగితే సగం పడవలోనే ఒలుకుతుంది. మీరిచ్చే పడవ పులుసుకి కరిగిపోయేదైతే, నడి కొల్లేట్లో నేను ముద్ద నోట్లో పెట్టుకునేసరికి కింద పడవుండదు కదండీ!"

నబీ నోరు తెరిచాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక జవాబుంటుందని పవర్‌పేటంతా ఎరుగును. ఈసారి గాల్లో ఉన్న చేతులు రెండూ కిందికి దిగాయి. కోదండరామయ్య పొట్ట పట్టుకుని బల్ల మీంచి జారిపోయాడు. హన్నమ్మ గరిటె కింద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి నబీకి కూడా నవ్వొచ్చేసింది. కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"మరి ఇంతదూరం ఎందుకు మోసుకొచ్చారండీ దీన్ని?"

"అతుకు కోసమండీ! మీరు చక్కగా అతుకేస్తారని మా పక్కూరాయన చెప్పాడు. వచ్చిన దగ్గర్నించీ అదే చెబుదామని చూస్తున్నాను. మీరు చెప్పనిస్తేగా!"

"పదీ ఇరవై," అన్నాడు కోదండరామయ్య, కళ్ళు తుడుచుకుని. "పదకొండింటికి నేను బండి తీసేస్తాను నబీ. నీ ఇష్టం."

నబీ పక్క సందులో ఉన్న ఇంటికి పరిగెత్తినంత పని చేసి రెజిను డబ్బా, గాజు నార, గరుకు కాగితం, పాత కుంచె తెచ్చాడు. ట్రక్కెక్కి బీట పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బీట చుట్టూ రుద్ది, దుమ్ము తుడిచి, గాజు నారని బీట మీద ఒక పొర పరిచాడు. రెజిన్లో గట్టిపడే మందు చుక్కలు లెక్కపెట్టి కలిపి కుంచెతో తడిపాడు. పైన ఇంకో పొర, అడ్డంగా. దాని పైన మరొకటి. పొరల మధ్య గాలి బుడగ కనబడితే చేతికి సంచీ ముక్క చుట్టుకుని వేలితో నెమ్మదిగా అంచుకి తోసేస్తున్నాడు. ఆ వేళ్ళు ఎక్కడా తడబడలేదు. ఇంత సేపూ గాల్లో ఊగిన చేతులు ఇవేనా అనిపించింది. బాలస్వామి చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి ఎంత హాయిగా ఉందో మొహంలోనే తెలిసిపోతోంది.

ఎండ కాస్తూనే ఉంది. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా నబీ అతుకు మీద గోరుతో కొట్టాడు. ఖణ్ మంది.

"అబ్బా!" అంటూ మోకాళ్ళు పట్టుకుని, ట్రక్కు అంచు ఊతంగా లేచాడు.

బాలస్వామి అతుకంతా చేత్తో తడిమి చూశాడు. "నబీగారూ, ఒక్క మాటండీ. వలలు లాగడానికి నాతో మా అమ్మాయి కూడా వస్తుంది, మా తులసి. ఇందులోనే. ఇది కరగదు కదా? నవ్వులాటకి కాదు, నిజం చెప్పండి."

నబీ చేతికంటిన జిగట గుడ్డకి తుడుచుకున్నాడు.

"కరగదండీ. ఇది అందరూ వాడే మామూలు రెజినే. పీటముడి. పులుసు కాదు కదా, ఏం పోసినా విడదు. మీ అమ్మాయిని ధైర్యంగా ఎక్కించుకోండి."

"మరి ఆ కరిగేది?"

"అది ఇంకా పడవ దాకా రాలేదండీ. బిళ్ళ దాకా వచ్చింది."

"ఎంత బిళ్ళ?" అన్నాడు కోదండరామయ్య.

నబీ తన చొక్కా గుండీ చూపించాడు. "ఇంతుంటుందండీ."

"పులుసులో వేస్తే?"

"వారం నానబెట్టామండీ. పులుసులో కాదు, ల్యాబులో ఏదో పుల్లటి మందులో. అంచు కొంచెం మెత్తబడింది."

"అంచా!"

"అంచేనండీ. నవ్వకండి. మెత్తబడిందా లేదా, అది చూడండి! ఏడాదిన్నర పట్టింది ఆ అంచుకి. ఫణికిరణ్ బాబు దాన్ని గోటితో నొక్కి, నా చేత కూడా నొక్కించారు. నాకు ఒళ్ళు పులకరించిందండీ. ఆయనా నేనూ తలుపేసుకుని ల్యాబంతా గంతులేశాం. ఇది మాత్రం అచ్చంగా నిజం."

హన్నమ్మ ఆయనకి ఇంకో టీ అందించింది. "మీరెన్ని చెప్పినా నమ్మానండీ నబీగారూ. కొల్లేరు పులుసైందంటే నమ్మాను, ఆఫీసరుగారి పళ్ళు కరిగాయంటే నమ్మాను. ఆ మోకాళ్ళేసుకుని మీరు గంతులేశారంటే మాత్రం నేను నమ్మను."